సగం మేకప్‌లో ఉన్న ముఖం
1987లో న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో స్త్రీ వేషంలో ప్రదర్శనలిచ్చే డ్రాగ్ క్వీన్ లిండా సింప్సన్ ‘మై కామ్రేడ్’ పత్రికను జిరాక్స్ కాగితాల మీద మొదలుపెట్టారు. ఎయిడ్స్ స్నేహితులను ఎత్తుకుపోతున్న రోజులవి. ఇలా సొంతంగా వేసుకునే చిన్న పత్రికలను, అంటే జీన్‌లను అందరూ ధైర్యానికి మెచ్చుకుంటారు. నాకు నచ్చేది వాటిలో పేజీలకుండే స్వేచ్ఛ. నాటకాల్లో స్త్రీ వేషాలు కట్టిన స్థానం నరసింహారావు గారి సత్యభామ ఫొటోలో పూర్తయిన స్త్రీయే కనిపిస్తుంది, అక్కడికి చేరిన దారి కనిపించదు. ఫొటో జీన్‌లో ఆ దారినంతా పరచవచ్చు: అప్పుడే గీసుకున్న గడ్డం, ఒక కంటికే పెట్టిన కాటుక, విగ్గు తీశాక నుదుటి మీద చెమట. బయటి ఫొటోగ్రాఫర్‌కు సాధారణంగా ఆఖరి మెరుపే కావాలి, జనం ఆశ్చర్యపోయేది దానికే కాబట్టి. వేషం కట్టిన మనిషే ఎడిటరైతే ఆ సగం ముఖాన్ని నడిమి రెండు పేజీల నిండా వేయగలరు. వేయాలి కూడా, పిన్ను కొట్టిన చోట ముక్కు మడత పడినా సరే.