వచ్చి చూడమన్న ధర్మం

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, వరిచేలు, జగ్గన్నతోట ప్రభలు, అంతర్వేది లక్ష్మీనరసింహుని కల్యాణం స్ఫురిస్తాయి. అదే సీమలో, మామిడికుదురు మండలంలోని ఆదుర్రు వద్ద, వైనతేయ నదీతీరాన ఒక బౌద్ధస్తూపపు ఇటుక శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. అశోకుని కుమార్తె సంఘమిత్ర సింహళానికి పోతూ ఇక్కడ ఆగి స్తూపానికి పునాది వేసిందని స్థానికులు చెప్పుకుంటారు. ఈ కథను విన్నవారందరూ నమ్మి తీరాలా? నమ్మనక్కరలేదని చెప్పేది ఆ స్తూపం ఎవరి పేరిట వెలసిందో ఆ బుద్ధుడే కావడం విశేషం.

దేవుడు, పూజ, వ్రతం అన్న మాటలు వినబడని ఇండ్లు కోస్తా జిల్లాలకు కొత్త కాదు. గోరా 1940లోనే కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పారు. అటువంటి ఇంట పెరిగిన యువతీయువకులు బౌద్ధం వైపు చూసినప్పుడు వారికొక సంకోచం కలుగుతుంది. విగ్రహం ముందు పుష్పాలుంచి శరణు చెప్పుకోవడం తాము విడిచిన దానినే మరొక పేరుతో చేపట్టడం కాదా? ఈ సంకోచం న్యాయమైనదే. దానిని తొందరపడి అణచుకోనక్కరలేదు.

ఈ త్రోవలో మనకంటె ముందు నడిచినవారు ఉన్నారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధించిన పోకల లక్ష్మీనరసు 1907లో ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’ అనే ఆంగ్ల గ్రంథాన్ని ప్రకటించారు. ఆత్మ ఒక దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశిస్తుందనే భావనను తోసిపుచ్చి, ఆయన బౌద్ధాన్ని హేతువుకు అనుగుణంగా వ్యాఖ్యానించారు. 1948లో ఆ గ్రంథం పునర్ముద్రణ పొందినప్పుడు దానికి పీఠిక వ్రాసినవారు డాక్టర్ అంబేద్కర్.

హేతువాదులకు అత్యంత ప్రియమైన బౌద్ధ సూత్రం కాలామ సూత్రం. పరంపరగా వచ్చినదనీ, గ్రంథంలో ఉన్నదనీ, చెప్పినవాడు మన గురువనీ దేనినీ అంగీకరించవద్దని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. ఇంతవరకు అందరూ ఉత్సాహంగా ఉదాహరిస్తారు. అయితే అదే జాబితాలో తర్కం కూడా ఉన్నదన్న సంగతిని మాత్రం చాలామంది దాటవేస్తారు! కేవలం తర్కానికి నిలిచినంత మాత్రాన కూడా ఒక మాటను స్వీకరించరాదట. లోభం, ద్వేషం, మోహం మనిషిని ఎటు నడిపిస్తాయో స్వయంగా గ్రహించి, విజ్ఞులు గర్హించే వాటిని విడిచిపెట్టమన్నాడు. అంటే పరీక్ష జరగవలసినది వాదవేదిక మీద కాదు, జీవితంలో. దీనినే పాలీభాషలో ‘ఏహిపస్సికో’ అన్నారు. వచ్చి చూడమని పిలిచేదని ఆ మాటకు అర్థం.

పునర్జన్మ విషయంలో మరింత నిజాయితీ అవసరం. బుద్ధుడు దానిని గూర్చి పలకనే లేదనడం సత్యం కాదు. పాలీ వాఙ్మయంలో ఆ ప్రస్తావన విరివిగా ఉన్నది. నమ్మలేనివారు నమ్మలేమని చెప్పవచ్చును గాని, గ్రంథాన్ని తమ సౌకర్యానికి కుదించరాదు. అలాగని వారికి ద్వారం మూసుకొని పోలేదు. కాలామ సూత్రపు చివరి భాగంలోనే, పరలోకం ఉంటే సద్వర్తనుడు సుగతి పొందుతాడనీ, లేకపోయినా ఇక్కడనే వైరరహితంగా, సుఖంగా బ్రతుకుతాడనీ బుద్ధుడు ఊరడించాడు. మతం ఎరుగని ఇంటినుండి వచ్చినవానికి ఇంతకంటె ఆదరమైన పలకరింపు మరే ప్రాచీన గ్రంథంలో ఉన్నదో నాకు తెలియదు.

ఈనాడు చాలామందిని బౌద్ధం వైపు ఆకర్షిస్తున్నది ధ్యానం. పరీక్షల ఒత్తిడికి, నిద్రలేమికి అదొక ఔషధమని భావిస్తున్నారు. అందులో దోషం లేదు. కాని శీలాన్ని విడిచి ధ్యానాన్ని మాత్రమే కోరడం, పునాది లేకుండా గోపురం ఎత్తడం వంటిది. గోయెంకా నేర్పిన పదిరోజుల విపశ్యన శిబిరంలో సైతం మొదట స్వీకరించవలసినవి పంచశీలాలే. ఇవి దైవాజ్ఞలు కావు. ఈ నియమాన్ని అభ్యసిస్తానని మనిషి తనకు తానే పలికే మాటలు. తప్పితే మొక్కు చెల్లించడానికి ఎవరూ ఉండరు. మరల అభ్యసించవలసినదే.

కోనసీమ యువత మరువరాని సంగతి మరొకటి ఉన్నది. ఇక్కడ బౌద్ధం మనశ్శాంతికి మాత్రమే సంబంధించినది కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది జనంతో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, దానిని మనుషుల మధ్య సమానత్వానికి మార్గంగా ఎంచుకున్నారు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి ఆయన పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో ప్రజాప్రతినిధుల ఇండ్లకు నిప్పు పెట్టారు. చివరకు ఆ పేరే జిల్లాకు స్థిరపడింది. ద్వేషం మనిషిని ఎటు నడిపిస్తుందో తెలుసుకోవడానికి కాలాముల కాలానికి పోనక్కరలేదు.

అందుచేత బౌద్ధాన్ని తెలుసుకోగోరే విద్యార్థి పుస్తకంతో పాటు తన ఊరి పేటకు కూడా వెళ్లాలి. అక్కడ తాతగారో, మామ్మగారో బుద్ధుని పటం ఎప్పుడు తెచ్చి గోడకు తగిలించారో, అంతకుముందు ఆ గోడమీద ఏమి ఉండేదో అడగాలి. వారు చెప్పే సమాధానంలో దైవం ప్రసక్తి రాకపోవచ్చు. తమ వీధి చెరువు, బడిలో తమ పిల్లలు కూర్చున్న చోటు, పెండ్లి విందులో తమకు వేసిన విస్తరి గురించి మాత్రం తప్పక వస్తుంది.