నవలయు రంగస్థలమును

తెలుగున నవల ఆంగ్లేయులవలన వచ్చినదనియు, నాటకము సంస్కృతమునుండి సంక్రమించినదనియు వేఱువేఱు ప్రకరణములలో బోధించుట పరిపాటియైనది. బోధనకిది సుకరమే, వస్తుస్థితికి మాత్రము దూరము. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండున ఈ రెంటికిని నడుమ గోడ లేదు. డికెన్సు 'నికొలస్ నికిల్బీ' నెలనెలా భాగములుగా వెలువడుచుండగనే, 1838 నవంబరులో ఎడ్వర్డు స్టర్లింగు దానిని లండను అడెల్ఫీ రంగశాలలో ఆడించెను. నవల ముగిసినది 1839 అక్టోబరున! నవలను నాటకముగా మార్చుటకు కర్త యనుమతి నాటి చట్టమున అక్కఱలేదు. కినిసిన డికెన్సు అట్టి అపహర్తను ఆ నవలలోనే పాత్రగా నిలిపి పరిహసించెను.

తెలుగునాట జరిగినది వేఱు. గోల్డుస్మిత్తు 1766 నాటి నవలను ఆలంబనముగా గొని 1878లో 'రాజశేఖర చరిత్రము' ప్రకటింప నారంభించిన కందుకూరి వీరేశలింగమే, 1880లో విద్యార్థులచే రాజమహేంద్రవరమున నాటకమాడించెను. చిలకమర్తియు 'గయోపాఖ్యానము', 'రామచంద్రవిజయము' రెండును వ్రాసెను. చేయి యొక్కటియే, కాని నవల రంగమెక్కలేదు. 1885లో సురభివారు మొదలిడినదియు కీచకవధతోనే.

ఇది వెనుకబాటని కొందఱందురు. ఆ మాట అంగీకారయోగ్యము కాదు. నాటి ప్రేక్షకుడు కథ తెలిసికొనుటకు రాలేదు. తెలిసిన కథలో పద్యము వినుటకు వచ్చెను. ధనంజయుని పరిభాషలో ఇది ప్రఖ్యాతవస్తువునకు దక్కిన ఆదరము. నవల ఉత్పాద్యవస్తువు, దాని బంధుత్వము నాటకముతో కాదు, ప్రకరణముతో. మృచ్ఛకటికము వంటి ప్రకరణము మన ప్రజారంగమున వాడుకలో నిలిచియుండినచో, రాజశేఖరుడును రంగముపై కనబడియుండెడివాడేమో. 1892లో విజయనగరమున ప్రదర్శితమైన 'కన్యాశుల్కము' ఈ లోటును కొంత తీర్చినది. అందులోని లోకము నవలాలోకమే.

హైదరాబాదు పాతనగరమును ఇచ్చట మఱచుట తగదు. 1878లోనే పత్రికలో మొదలైన ఉర్దూ 'ఫసానా-ఎ-ఆజాద్' కర్త రతన్ నాథ్ సర్షార్, 1895లో మహారాజా కిషన్ పర్షాదు నాశ్రయించి ఈ నగరముననే 1903లో గతించెను. ఆ రచనపై డికెన్సు 'పిక్విక్' నీడ కలదని ఉర్దూ విమర్శకులందురు. రాజమహేంద్రవరమునను లక్నోలోను ఒకే యేట మొదలైన ఈ రెండు కథలను జతపఱచి చూచుటకు చార్మినారు పొరుగున తెలుగు, సంస్కృతము బోధించువారికంటె అర్హులెవరు? ఉర్దూ వారికి పరభాష కాదు, వీథిభాష.

ప్రాచ్యకళాశాలలలో మృచ్ఛకటికమును ఒక గదిలో, రాజశేఖర చరిత్రమును మఱియొక గదిలో చదివించుట మాని, రెంటిని ఒకే పత్రమున నుంచుట యుక్తము. శకారుని మాటతీరు తెలిసిన విద్యార్థికి గిరీశము వేఱుగ వినిపించును.