సుంకపు ఆయువు, చెట్టు ఆయువు

అర్థశాస్త్ర విద్యార్థికి అంతర్జాతీయ వాణిజ్యమనగానే మొదట చెప్పెడి దృష్టాంతము రికార్డోది. 1817లో వెలువడిన గ్రంథమున ఆయన ఇంగ్లండు వస్త్రమును, పోర్చుగలు ద్రాక్షసారాయమును ఎదురెదురుగ నిలిపి, ఏ దేశము ఏ పనిలో సాపేక్షముగ నేర్పు గలదో ఆ పనియే చేసి, తక్కినది కొనుక్కొనుట ఉభయులకు లాభమని నిరూపించెను. లెక్క తప్పు కాదు. కాని అందులో కాలము లేదు. నేతగాడు తోటమాలిగ మారుటకు ఎన్నేండ్లు పట్టునో, ఆ నడుమ అతడు ఏమి తినవలెనో ఆ లెక్కలో కనబడదు. ఈ లోపమెంతటిదో తెలిసికొనుటకు పోర్చుగలు వరకు పోనక్కరలేదు. మన వంటింటి నూనెడబ్బా చాలును.

భారతదేశము తాను వాడు వంటనూనెలో సగమునకు మించి విదేశములనుండి కొనుచున్నది. 2023-24 నూనె సంవత్సరమున వచ్చినది సుమారు 160 లక్షల టన్నులు. ఇండోనేషియా, మలేషియాలనుండి పామాయిలు, అర్జెంటీనా, బ్రెజిలులనుండి సోయానూనె, రష్యా, ఉక్రెయినులనుండి పొద్దుతిరుగుడు నూనె వచ్చుచున్నవి. ఇందుకై ఏటేట చెల్లించు మూల్యము లక్ష కోట్ల రూపాయలకు పైమాటయే.

ఈ స్థితి అనాదిగ వచ్చినది కాదు. 1986లో నూనెగింజల సాంకేతిక కార్యక్రమము ఆరంభమైన పిమ్మట దిగుబడి పెరిగి, 1990ల తొలినాళ్లకు దేశము ఇంచుమించు స్వయంపోషకమైనది. 1994లో పామోలిన్ దిగుమతికి ద్వారము తెరచిరి. అప్పుడు సుంకము 65 శాతము. 1998 నాటికి అది 15 శాతమునకు దిగినది. 2008లో ముడినూనెలపై సుంకమే లేకపోయినది.

ఇదంతయు ప్రపంచ వాణిజ్య సంస్థ ఒత్తిడివలన జరిగినదని సభలలో తరచుగ వినుచుందుము. ఇది సరియైన మాట కాదు. ఆ సంస్థకు మనమిచ్చిన వాగ్దానము ప్రకారము పామాయిలుపై 300 శాతము వరకు సుంకము వేయు హక్కు మనకు కలదు. సోయానూనె విషయమున మాత్రమే ఆ హద్దు 45 శాతము. అనగా తలుపు తీసినది ఇంటివారే. తీయుటకు కారణమును లేకపోలేదు. కూలినాలి చేసికొని బ్రతుకువాని ఇంట తాలింపు గరిటెలో నాలుగు చుక్కలు అధికముగ పడినది ఈ చౌకనూనె వలననే. రైతు పక్షము వహించి వ్రాయువారు ఈ సంగతిని దాచుట న్యాయము కాదు.

ఇక రైతు సంగతి. ఒకప్పుడు అనంతపురము జిల్లాయనిన వేరుసెనగ, వేరుసెనగయనిన అనంతపురము. నేడు ఆ పంట విస్తీర్ణము బహుగ తగ్గినది. నేరమంతయు దిగుమతిపై మోపరాదు. వాన మొగము చాటువేసిన ఏండ్లను, తెగుళ్లను మరువరాదు. ఐనను వాణిజ్యము అక్కడ చేసిన పని ఒకటున్నది. పూర్వము కరవుకాలమున గింజ తగ్గినచో ధర పెరిగెడిది. పండిన పది బస్తాలైనను కొంత గిట్టుబాటును తెచ్చెడివి. నౌకలలో నూనె వచ్చు కాలమున అనంతపురమున పంట ఎండినను మద్రాసులో నూనె ధర కదలదు. పంటనష్టము రైతుదే, ధరనష్టమును రైతుదే. పంటకు, ధరకు నడుమనున్న ఆ పాత త్రాసు తెగినది. ఐనను వేరుసెనగ ఏటిపంట గనుక, నీరున్నవాడు చీనీతోటకో, లేనివాడు కందికో మరలగలిగెను. కష్టముతోనే, కాని మరలగలిగెను.

ఆయిల్ పామ్ రైతుకు ఆ వెసులుబాటు కూడ లేదు. ఏలూరు, గోదావరి మండలములనుండి అశ్వారావుపేట వరకు వ్యాపించిన ఈ తోటలు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలను దేశమున అగ్రస్థానమున నిలిపినవి. పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చిన ఈ చెట్టు నాటిన నాలుగవ ఏటగాని సరిగ కాపునకు రాదు. వచ్చినపిదప పాతికేండ్లకు పైగ కాయును. కోసిన గెలలను ఒకటి రెండు దినములలో గానుగకు చేర్చకున్న నూనె చెడును. ఆ గానుగయైనను రైతు ఎంచుకొనునది కాదు. ఆ ప్రాంతమునకు కేటాయించిన కర్మాగారమునకే అమ్మవలెను. గెలల ధరను ముడిపామాయిలు ధరనుబట్టి లెక్కగట్టుదురు. ముడినూనె ధర విదేశపు అంగడిని, ఢిల్లీలో నిర్ణయమగు సుంకమును అనుసరించును. రైతు చేతిలోనున్నది పార, నీరు, ఓర్పు మాత్రమే.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయినున యుద్ధము మొదలై పొద్దుతిరుగుడు నూనె రాక నిలిచినది. ఏప్రిలు 28 నుండి ఇండోనేషియా తన పామాయిలు ఎగుమతిని నిషేధించి, మే 23న తిరిగి అనుమతించినది. ఆ వేసవిలో మన టన్ను గెలల ధర 20,000 రూపాయలు దాటినది. అది చూచి మొక్కలు నాటినవారున్నారు. 2023లో ఆ ధర 13,000 ప్రాంతమునకు దిగినది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము ముడినూనెపై మొత్తపు సుంకమును 5.5 నుండి 27.5 శాతమునకు పెంచగా ధర మరల లేచినది. 2025 మే నెలాఖరున అదే సుంకమును 16.5 శాతమునకు తగ్గించిరి. అనగా సుంకము పెరుగుటకు, తరుగుటకు నడుమ ఎనిమిదిన్నర నెలలు. 2022లో నాటిన మొక్క అప్పటికింకను గట్టి కాపునకు రాలేదు.

ఇందు ఒక చిన్న అంకె విద్యార్థులు గమనింపదగినది. శుద్ధిచేసిన నూనెపై సుంకము 2024 సెప్టెంబరునుండి 35.75 శాతము, 2025లో దానిని తాకలేదు. ఫలితముగ ముడినూనెకు, శుద్ధినూనెకు గల అంతరము 8.25 నుండి 19.25 శాతమునకు పెరిగినది. ఇది కాకినాడ, కృష్ణపట్నము రేవులవంటి చోట్లనున్న శుద్ధి కర్మాగారములకు పెట్టని కోట. వారికి రక్షణ అనవసరమనను. అక్కడను మనవారే పనిచేయుచున్నారు. ఒకే ఉత్తరువు కర్మాగారమునకు గోడ కట్టి, రైతుకున్న గోడను సగము దించినది. గృహిణికి చౌక, కర్మాగారమునకు రక్షణ అను రెండు కోరికలు ఒక్కసారి తీరునప్పుడు వాటి వెల మూడవవాడు చెల్లించుచున్నాడు.

సుంకము అధికముగ నుండవలెనా, అల్పముగ నుండవలెనా అనుదానికంటె అది ఏ నియమమునుబట్టి మారవలెనన్నదే నా దృష్టిలో ముఖ్యము. లోకమున ధర పడినప్పుడు ఎంత పెరుగునో, లేచినప్పుడు ఎంత తగ్గునో ముందుగనే ప్రకటించిన సుంకము ఇంటివానికిని, తోటవానికిని సమానముగ అర్థమగును. నెలకొక ఉత్తరువుగ వచ్చు సుంకము వర్తకునికి మాత్రమే అర్థమగును. అతని సరకు వారములలో అమ్ముడుపోవును గదా!

2021లో కేంద్రము ప్రారంభించిన ఆయిల్ పామ్ కార్యక్రమమున ఈ ఆలోచనకు అంకురమున్నది. గత ఐదేండ్ల ముడినూనె సగటు ధరను టోకుధరల సూచితో సరిచూచి, అందులో 14.3 శాతమును గెలలకు గిట్టుబాటు ధరగ లెక్కించి, లోటుపడినచో పూడ్చుదుమని అందు చెప్పిరి. ఆ పథకమునకు 2037 నవంబరు 1 గడువు. 2025లో నాటిన మొక్కకు అప్పటికి పన్నెండేండ్లు నిండును. ఇంకను పదమూడేండ్లకు పైగ కాపు దానిలో మిగిలియుండును.