పెట్టెకు వేరే టిక్కెట్టా?

విమాన సంస్థలు పెట్టెకు వేరుగా రుసుము వసూలు చేయడం న్యాయమేనని వాదించే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. బరువు తెచ్చినవాడే బరువుకు డబ్బు కట్టాలి, ఉత్త చేతులతో వచ్చినవాడు వాడి ఖర్చు ఎందుకు భరించాలి అన్నది వారి ప్రశ్న. వినడానికి ధర్మసూక్ష్మంలాగే ఉంటుంది. నా మటుకు నాకు ఇది ధర్మం కాదు, గారడీ. కావాలంటే టిక్కెట్టు ధర పెంచండి, పెట్టె జోలికి రాకండి అన్నదే నా వాదన.

ముందు ఈ రుసుము పుట్టుక చూద్దాం. 2008లో ముడిచమురు ధర మండిపోతున్న రోజుల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దేశీయ ప్రయాణాల్లో మొదటి పెట్టెకే 15 డాలర్లు విధించింది. ఆ యేడు తిరగకముందే యునైటెడ్, డెల్టా కూడా అదే దారి పట్టాయి. జూలైలో పీపా 147 డాలర్లు తాకిన చమురు డిసెంబరులో 40కి దిగువన పడింది. రుసుము మాత్రం దిగలేదు. చింత చచ్చినా పులుపు చావలేదన్నమాట! 2024లో అదే సంస్థ విమానాశ్రయంలో కట్టేవారికి దాన్ని 40 డాలర్లు చేసింది. ఏళ్ల తరబడి రెండు పెట్టెలు ఉచితంగా మోసిన సౌత్‌వెస్ట్ సైతం 2025 మే నెలాఖరున ఆ మర్యాదకు స్వస్తి చెప్పింది.

చమురు కాకపోతే మరి కారణమేమిటి? అమెరికాలో దేశీయ టిక్కెట్టు ధరపై 7.5 శాతం సమాఖ్య పన్ను ఉంది. పెట్టె రుసుముపై ఆ పన్ను లేదు. ఒకే డాలరు టిక్కెట్టులో కలిస్తే పన్నుకు లోబడుతుంది, పెట్టెపై వేస్తే తప్పించుకుంటుంది. వ్యాపారి ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

ఇక 'బరువుకు తగిన ధర' సంగతి. మొదటి పెట్టె అయిదు కిలోలున్నా ఇరవై కిలోలున్నా రుసుము ఒకటే. అదే అయిదు కిలోలు చేత్తో పట్టుకొని లోపలికి తెస్తే, పెద్ద సంస్థల్లో సాధారణంగా ఏమీ కట్టనక్కరలేదు. సరుకు కింద ఉంటే బరువు, తల మీది అరలో ఉంటే దూదీనా? అందుకే అందరూ పెట్టెలు లోపలికి ఈడ్చుకొస్తారు, అరల కోసం తోపులాడుకుంటారు.

పైగా తరచుగా తిరిగే ఉన్నతశ్రేణి సభ్యులకూ, ఆ సంస్థ క్రెడిట్ కార్డు ఉన్నవారికీ మొదటి పెట్టె చాలా చోట్ల ఉచితం. కట్టేదెవరు? ఏడాదికొకసారి పిల్లలతో బయలుదేరే గృహస్థు, చదువుకోసం ఊరు మారే విద్యార్థి. హైదరాబాదు నుంచి సముద్రాలు దాటివచ్చి, వేరే టిక్కెట్టుతో మరో సంస్థ దేశీయ విమానమెక్కే మన అమ్మానాన్నలు. అప్పటిదాకా ఉచితంగా వచ్చిన ఆవకాయ పెట్టెకు అక్కడ సుంకం!

తేలిక ప్రయాణికుడికి న్యాయం చేయాలంటే మార్గం లేకపోలేదు. 2021లో మన పౌరవిమానయాన డైరెక్టరేటు, పెట్టె అప్పగించని ప్రయాణికులకు టిక్కెట్టులో తగ్గింపు ఇవ్వడానికి సంస్థలను అనుమతించింది. తీరా పెట్టెతో వస్తే ఎంత కట్టాలో ముందుగానే చూపాలన్నది. నాకు నచ్చిన పద్ధతి ఇదే: ముందు పూర్తి ధర చెప్పు, పెట్టె లేనివాడికి తగ్గించు. లెక్క రెండింటా ఒకటే కావచ్చు. కానీ ఒకదానిలో ప్రయాణికుడు ఖర్చెంతో తెలిసి బయలుదేరతాడు, రెండవదానిలో ఇల్లు ఖాళీచేసి విమానాశ్రయం చేరాక తెలుసుకుంటాడు. భోజనానికి ఒక ధర రాసిపెట్టి, తీరా కూర్చున్నాక విస్తరికి వేరే అడిగే పూటకూళ్ళ ఇంటిని మనం ఏమంటామో, ఈ సంస్థలనూ అదే అనాలి.

కాదంటారా? మీ వాదన వినడానికి నేను సిద్ధం.