మాట నేర్పేందుకు మళ్లీ ఫస్టియర్

తిరుపతిలో పదేళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరమ్మ ఒకావిడ ఉందనుకోండి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, ఆపైన బీఎడ్. క్లాసులో నత్తితో తడబడే పిలకాయల్ని, పిలిచినా పలకని పిలకాయల్ని చూసీ చూసీ ఆమె మనసు స్పీచ్ థెరపీ మీదకు మళ్లింది. అమెరికాలో ఉన్న చెల్లెలు ఫోన్లో ఒకటే మాట: ‘మాస్టర్స్ చెయ్యక్కా, రెండేళ్లే కదా!’

చెల్లెలు చెప్పింది అబద్ధమేం కాదు. కాకపోతే అది అక్కడి దారి. అమెరికాలో ఈ వృత్తికి మాస్టర్స్ డిగ్రీయే గుమ్మం. బీకాం చదివినవాళ్లయినా, ఇంజినీర్లయినా ముందు కొన్ని పునాది కోర్సులు పూర్తి చేసి అందులో చేరొచ్చు. చదువుతూ 400 గంటల క్లినికల్ పని, ఆ తర్వాత కనీసం 36 వారాల ఫెలోషిప్ చేస్తే పూర్తి అర్హత దక్కుతుంది.

మన దగ్గర అలా కుదరదు. ఎమ్మెస్సీ స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీలో సీటు కావాలంటే బీఏఎస్ఎల్‌పీ గానీ, పాత బీఎస్సీ స్పీచ్ అండ్ హియరింగ్ గానీ చదివుండాలి. ఇంకే డిగ్రీ ఉన్నా లెక్కలోకి రాదు. అంటే ఇంటర్ సర్టిఫికెట్ దుమ్ము దులిపి బయటికి తీయాల్సిందే! మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, కలిపి నాలుగేళ్లు. పీజీ కూడా చేస్తే ఆరు. ఊరట ఏమిటంటే ప్రాక్టీసుకు పీజీ తప్పనిసరి కాదు. బీఏఎస్ఎల్‌పీ పూర్తిచేసి రీహేబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటే చాలు.

ఒకప్పుడు ఇంత తతంగం లేదు. ఇంగ్లండు రాజు ఆరో జార్జి నత్తిని దారికి తెచ్చిన లయొనెల్ లోగ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఉచ్చారణ మాస్టారు. వైద్య పట్టా ఏదీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మాట పోగొట్టుకుని వచ్చిన సైనికులే ఆయనకు పాఠశాల. ఇప్పుడు లోగ్ మాస్టారు చిత్తూరులో బోర్డు పెడితే చిక్కుల్లో పడతాడు. 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి రూపాయలు ఎవర్ని భయపెడతాయో గానీ, చట్టం మాత్రం ఉంది.

చదువుకు మరీ దూరం పోనక్కర్లేదు. వేలూరు సీఎంసీలో ఈ డిగ్రీ ఉంది; చిత్తూరు నుంచి అది పక్క ఊరి లెక్కే. చెన్నైలో శ్రీ రామచంద్ర, సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. 1965లో మొదలైన మైసూరు ఆయిష్ ఈ రంగానికి పెద్ద దిక్కు. వయోపరిమితి ఉందో లేదో ప్రతి ప్రకటనలోనూ విడిగా చూసుకోవాలి. ముప్పై దాటినవాళ్లకు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న అదే.

ఇంత కష్టపడితే చేతికి పని ఉంటుందా? మేనరికాలు ఎక్కువున్న సీమలో పుట్టు చెవుడుకు అదొక కారణమని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమాని పేదింటి బిడ్డలకూ కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు అందాయి. అయితే ఆపరేషన్ జరిగిన మర్నాడే బిడ్డ ‘అమ్మా’ అనదు. యంత్రం చెవినరానికి అందించే సంకేతాలు మొదట్లో ఆ బిడ్డకు వట్టి రొద. ఆ రొదలోంచి మాటను విడదీసి వినడం నెలల తరబడి నేర్పాలి. ఆ పని థెరపిస్టుది, అంతకు మించి ఇంట్లో తల్లిది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం ప్రాజెక్టులో చిన్నారులతోపాటు తల్లులకూ తర్ఫీదు ఇచ్చేది అందుకే. ఇక పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్ల సంగతి సరేసరి.

ఈ పనిలో స్థానికులకు ఒక మేలుంది. బొమ్మల కార్డు మీద గేదె అని ఉంటుంది. పీలేరు బిడ్డ ఇంట్లో వినేది ఎనుము. వేరుశనగ అంటే తెల్లమొహం వేసే పిల్ల చెనిక్కాయలంటే చెయ్యి చాపుతుంది. నగరి వైపు పోతే సగం మాటలు అరవమే. పిల్లకు మాట రాలేదా, లేక థెరపిస్టు అడిగిన మాట ఆ ఇంట్లోనే లేదా? ఆ తేడా పట్టుకోవడం ఈ గడ్డమీద పెరిగినవాళ్లకు తేలిక.

నాలుగేళ్లు కేటాయించలేనివాళ్లకు పక్క దారులున్నాయి. ఏడాది డిప్లొమాతో థెరపిస్టు కింద సహాయకులుగా చేరొచ్చు. బోధనే ఇష్టమైతే వినికిడి లోపం మీద స్పెషల్ బీఎడ్ ఉంది, టీచర్లకు అదే దగ్గర దారి. అయితే ఆ చదువులతో థెరపిస్టునని బోర్డు పెట్టుకోకూడదు.

ఏ దారయినా, రాజీనామా రాసేముందు ఏదో ఒక సెంటర్లో అనుమతి అడిగి వారం రోజులు ఓ మూల కూర్చుని చూడటం మంచిది. ఒక్క ‘ప’ పలికించడానికి ముప్పావుగంట పట్టే రోజులుంటాయి. మర్నాడు ఆ ‘ప’ మళ్లీ మొదటికొచ్చే రోజులూ ఉంటాయి.