ప్రలోభ మను మాట

మతము మార్చుకొన్న వారిని గూర్చి మన పఠనమందిరములలో వాదము పుట్టినపుడెల్ల ఒక మాట అందఱి నోటను సిద్ధముగ నుండును. వారు అన్నమునకై మతము విడిచిరట! ఈ మాట మాలపల్లెలోని క్రైస్తవుని గూర్చి యందురే గాని, కళాశాలలో చదివి క్రైస్తవుడైన అగ్రవర్ణుని గూర్చి యెవ్వరు ననరు. అతడు గ్రంథములు చూచి, విచారించి మాఱెనని యొప్పుకొందురు. ఒకనికి బుద్ధిని, మఱియొకనికి ఆకలిని పంచిపెట్టినది మనమే.

ఈ మాటయే చట్టములలో ప్రవేశించి "ప్రలోభము" అను పేరు దాల్చినది. 1967లో ఒరిస్సాయు, 1968లో మధ్యప్రదేశ్‌ను చేసిన శాసనములు బలాత్కారముచే గాని, మోసముచే గాని, ప్రలోభముచే గాని మతము మార్చుటను నిషేధించెను. 1977లో సుప్రీంకోర్టు వానిని నిలబెట్టి, స్వమతమును ప్రచారము చేయు హక్కు పరుని తన మతములోనికి మార్చు హక్కు కాదని తీర్పు చెప్పెను. అట్టి చట్టమే మనకును కావలెనను కేక అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. బలాత్కారమును, మోసమును శిక్షింపవలదని మేము వాదింపము. మా సందేహమంతయు మూడవ మాట మీదనే. ఒకడు చేసిన మేలు ఎప్పుడు ప్రలోభమగును? మేలు పొందినవాని మనస్సును తూచుటకు త్రాసు ఎవ్వని చేతి కీయవలెను? తెలుగునాట జరిగిన యొక ప్రసిద్ధమైన వృత్తాంతము నెదుట నుంచుకొని ఈ ప్రశ్నను విచారింతము.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన ధాత కఱవు మన తాతలు కథలుగ చెప్పుకొన్నదే. ఆ కాలమున ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషను పక్షమున జాన్ క్లౌ అను దొర పని చేయుచుండెను. మత ప్రచారమునకు రాకమునుపు ఆయన తన దేశమున భూములు కొలిచెడి సర్వేపని చేసినవాడు. కఱవు పనిగా దొరతనమువారు త్రవ్వించుచుండిన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ భాగమును ఆయన కంట్రాక్టుగ తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగ నియమించి, వేలకొలది జనమునకు కూలి యిచ్చెను. ఇంతవఱకు చదివి మన మిత్రులు, "ఇదే గదా ప్రలోభము!" అందురు. కాని కాలువపని సాగినంతకాలము ఆయన యెవ్వరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కడుపునకై వచ్చినవారెవ్వరో, మనస్సునకై వచ్చినవారెవ్వరో తెలియదని ఆయన సంకోచము. కఱవు తగ్గిన పిమ్మట, ఇక సొమ్ము లేదు, ఇండ్లకు పొండని చెప్పినను జనము కదలలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నీళ్ళలో నిలిచి బాప్తిస్మ మిచ్చినవారును దొరలు కారు, తెలుగు బోధకులే.

సాక్ష్యమును తూచుట మా వృత్తి. కూలి దొరకిన దినములలో మతము దొరకలేదు. మతము దొరకిన దినమున కూలి లేదు. ఈ కాలక్రమమును చూచిన న్యాయాధిపతి యెవ్వడును అన్నమునకై మాఱిరను అభియోగమును సులభముగ నమ్మడు. కృతజ్ఞతయు ఒక విధమగు ప్రలోభమే యని ప్రతిపక్షపు వకీలు వాదింపవచ్చును. వాదింపనిండు. చావు గడచి బయటపడినవాడు తన్ను బ్రతికించినవాని దేవుని గూర్చి విచారించుట నేరమైనచో, అంతకుముందు వాని యాకలిని చూచి యూరకున్న మనకు ఏ పేరు పెట్టవలెనో ఆ వకీలే చెప్పవలెను.

ఇంతకును ఈ సంఘము కఱవులో పుట్టినది కాదు. దానికి పది సంవత్సరముల ముందే ఎఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ దీనికి మొదలు పెట్టెను. తాళ్ళకొండపాడు ఆయన ఊరు. తోళ్ళ బేరము ఆయన వృత్తి. ఆయన అంతకుమున్ను రాజయోగ మార్గమున ఉపదేశము పొంది, సాధన చేసి, శిష్యులను గూడ సంపాదించిన జిజ్ఞాసువు. తృప్తి కలుగక వెదకుచు వెదకుచు ఈ క్రొత్త బోధను విని, తన వారికి తానే చెప్పెను. 1867లో ఆ యూర మొదటి గుంపు బాప్తిస్మము పొందినది. వారికి విధింపబడిన నియమములు మూడు: విగ్రహములకు మ్రొక్కరాదు, ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డును తినరాదు. ఈ మూడును వినుటకు స్వల్పములు. కాని మాదిగవాడు జాతరలో తప్పెట కొట్టననుట, ఆదివారము మోటతొండము కుట్టననుట ఊరిపెద్దలకు ధిక్కారముగ తోచినది. పనులు మాన్పించిరి, నూతుల దారులు మూసిరి, కరణములు మునసబులు దొంగ కేసులు బనాయించిరి. ప్రలోభమునకు లొంగినవాడు లాభము పొందవలెను గదా! వీరికి ముందుగ దొరకినది దెబ్బలు.

1936లో గాంధీమహాత్ములు తమ "హరిజన్" పత్రికలో, హరిజనులకు మతముల తారతమ్యము నెఱిగి యొకదాని నేరుకొను శక్తి యింకను కలుగలేదనియు, వారికి మతబోధ చేయుట తగదనియు వ్రాసిరి. ఆ మహాత్ముల యెడ మాకు గల భక్తి మా పాఠకు లెఱుగుదురు. అస్పృశ్యత మన పాపమని మనచే నొప్పించినది వారే. అయినను ఈ యొక్క విషయమున మా మనస్సు వారివెంట నడువకున్నది. యోగమార్గము నుండి క్రీస్తుమార్గమునకు నడచివచ్చిన పేరయ్యకు తారతమ్యము తెలియదనుట యెట్లు? దోర్నకల్లు బిషప్పు వేదనాయకం అజరయ్యగారికిని గాంధీగారికిని ఆ దినములలో గలిగిన భేదము ఇదియే. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు అజరయ్య. ఆయన దొరల తొత్తు కాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదన్న దేశీయుడు.

మిషనుల పక్షమున మేము వకాల్తా పుచ్చుకొన్నామని యెవ్వరును భ్రమపడవలదు. బందరులో రాబర్టు నోబుల్ దొర 1843లో పెట్టిన పాఠశాలలోనికి తక్కువ కులముల బాలురను రానీయలేదు. అగ్రవర్ణములను గెలిచిన తక్కినవారు వెంట వత్తురని ఆయన లెక్క. 1852లో ఇద్దఱు విద్యార్థులు బాప్తిస్మము పొందగనే బడి ఖాళీ అయినది. ఆయన పేర వెలసిన కళాశాలలో చదివిన ముట్నూరి కృష్ణారావుగారి వంటివారు తరువాత జాతీయోద్యమమునకు మూలస్తంభములైరి. దేశమును తమలో తాము పంచుకొని గుంటూరు లూథరనులది, కడప లండను మిషనుది, కాకినాడ కెనడా బాప్టిస్టులది యని హద్దులు పెట్టుకొనుటయు మాకు రుచింపదు. మాల యొక గుడి, మాదిగ యొక గుడి కట్టుకొనుట ఎన్నో యూళ్ళలో మనము కన్నులార చూచుచున్నదే. బాప్తిస్మపు నీళ్ళలో కులము కడుగుకొనిపోలేదు.

చిత్రమేమన, ఈ సత్యమును ఊరూర నెఱుగుదురు, శాసనము మాత్ర మెఱుగదు. 1950లో రాష్ట్రపతి చేసిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు హిందువులకే వర్తించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములలో వారిని వెనుకబడిన తరగతులలో "సి" విభాగమున నుంచి, నూటి కొక్క ఉద్యోగము చూపిరి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవుడైనవాడు 1989 నాటి అత్యాచార నిరోధక చట్టపు రక్షణ కోరజాలడని తీర్పు చెప్పినది. ఉన్న ఉత్తరువునుబట్టి న్యాయమూర్తి అట్లు చెప్పవలసివచ్చి యుండవచ్చును. మా ఫిర్యాదు న్యాయమూర్తి మీద కాదు, ఉత్తరువు మీద. కొట్టువాడు వాని కులమును చూచి కొట్టును. రక్షింపవలసిన చట్టము వాని గుడిని చూచి తలుపు మూయును.

దీని ఫలమేమి? ఆదివారము ప్రార్థనకు పోయి, సోమవారము తహసీలు కచేరీలో హిందువునని వ్రాసి యిచ్చువారు లక్షలు. వారిని కపటులని నిందించుట సులభము. ఆ కపటమును వారిచేత వ్రాయించుచున్నది రాజ్యము. ప్రలోభమునకై మతము మార్చుకొనుట నేరమని యొకచోట శాసించి, వేఱొకచోట ఫలానా మతమున నుండినగాని బిడ్డకు చదువు లేదు, ఒడలికి రక్ష లేదని శాసించునపుడు, ఆ రెండవది ప్రలోభము కాదా? మేమెఱిగినంతలో క్లౌ దొర కంట్రాక్టు కంటె అది పెద్దది.

షెడ్యూల్డు కులముల హోదా విషయము విచారించుటకు 2022లో కేంద్రప్రభుత్వము జస్టిస్ బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన నొక కమిషనును నియమించినది. ఉత్తరువులోని మూడవ ఖండమును, అనగా మతమును షరతుగ పెట్టిన వాక్యమును, తొలగింపుమని మన శాసనసభ్యులు స్పష్టముగ కోరవలెను. అందువలన హిందూ దళితులకు వచ్చు భాగము తఱుగునను భయము కలదు. అది న్యాయమైన భయమే. దానికి మందు భాగమును పెంచుటయే గాని, పొరుగువానిని వాకిట నిలిపివేయుట కాదు. మతాంతరీకరణ నిషేధ చట్టము కావలెనని సభలు చేయు మిత్రులను మే మడుగునది యొకటే: ఆ సభ తీర్మానములలో ఈ కోరికను గూడ చేర్చి, ఆ యూరి మాదిగవాడలో నిలిచి చదివి వినిపింపుడు.