అనసూయా ప్రియంవదల ఋణము

రెండు కొప్పులు ఒకచోట ఇమడవని తెలుగునాట ఒక లోకోక్తి. స్త్రీయే స్త్రీకి శత్రువని హిందీవారందురు. ఈ మాటలను పుట్టించినవారెవరో తెలియదు. వీనివలన లాభము పొందినవారెవరో ఊహించుట కష్టము కాదు. ఇంటి అరుగుమీద ఇట్టి మాట వినబడినచో నవ్వి ఊరకుండవచ్చును. అదే మాట పాండిత్యవేషము ధరించి సాహిత్యచరిత్రలోనికి ప్రవేశించినపుడు మాత్రము ఊరకుండరాదు. అక్కడ దాని రూపమిది: కవయిత్రికి తలిదండ్రులు విద్య నేర్పుదురు, భర్త ప్రోత్సహించును, ఉద్యమము స్థానమొసగును, స్నేహితురాలు మాత్రము ఏమియు చేయదు. చేసినను అది బాల్యపు ముచ్చటగా పరిగణింపబడును.

ఈ అలవాటు నేటిది కాదు. శాకుంతలమున దుర్వాసుని పాదములపై బడి శాపమునకు అవధి సంపాదించినది ప్రియంవద. ఆమెను పంపినది అనసూయ. నాలుగవ అంకముతో ఆ యిద్దరును రంగమునుండి తొలగిపోవుదురు. ఏడవ అంకమున శకుంతలకు వారి హెచ్చరిక జ్ఞప్తికి వచ్చును గాని వారు రారు. రవీంద్రుడు ‘కావ్యేర్ ఉపేక్షితా’ అను వ్యాసమున ఈ చెలులను, ఊర్మిళను, కాదంబరిలోని పత్రలేఖను పేర్కొని కవులను నిలదీసెను. దాని పిదప జరిగినదేమి? మహావీరప్రసాద ద్వివేది ఊర్మిళ పక్షము వహించెను. మైథిలీశరణ గుప్తుడు ‘సాకేత’ కావ్యము రచించెను. (తెలుగు స్త్రీలకు ఇందులో క్రొత్త లేదు, వారు ‘ఊర్మిళాదేవి నిద్ర’ను ఏనాటినుండియో పాడుకొనుచున్నారు.) భార్యకు న్యాయము జరిగినది. చెలులకు అంతటి వకీలు దొరకలేదు.

కల్పిత పాత్రలకు మాత్రమే జరిగిన అన్యాయమైనచో ఇంత వాదము అక్కరలేదు. మహాదేవీవర్మ విషయమును చూడుడు. 1907లో జన్మించిన ఈమె అలహాబాదులోని క్రాస్త్‌వేట్ బాలికా విద్యాలయమున అయిదవ తరగతిలో చేరెను. వసతిగృహమున గదికి నలుగురు. అక్కడ దొరికిన మొదటి నెచ్చెలి సుభద్రాకుమారి. ఏడవ తరగతి విద్యార్థిని, అప్పటికే కవిత్వము వ్రాయునది. నీవును వ్రాయుదువా యని సుభద్ర అడుగగా మహాదేవి భయపడి లేదనెను. సుభద్ర ఊరకుండలేదు. డెస్కులోని పుస్తకములను సోదాచేసి, కాగితములను బయటికి లాగి, దొంగను పట్టినట్లు ఒక చేత ఆమెను పట్టుకొని, ఈ పిల్ల కవిత్వము వ్రాయుచున్నదని వసతిగృహమంతయు చాటి వచ్చెను. స్నేహము అట్లు మొదలైనది. తక్కిన బాలికలు ఆటలాడు వేళ ఈ యిద్దరును క్రిందికి వాలిన ఒక చెట్టుకొమ్మపై గూర్చుండి ప్రాసలు కూర్చుకొనెడివారు. వ్రాసినవి ‘స్త్రీ దర్పణ్’ పత్రికకు పంపగా కొన్ని అచ్చయ్యెను కూడ.

తల్లి ప్రభావమున వ్రజభాషలో వ్రాయుచుండిన మహాదేవి సుభద్రను చూచి ఖడీబోలీలో వ్రాయనారంభించెను. ఈ ఒక్క సంగతి చాలును. ఛాయావాదమునకు ఖడీబోలీయే గదా భాష! ఆ భాషలోనికి ఆమెను ఒక ఆచార్యుడు చేయిపట్టి నడిపించి యుండినచో ఆయన పేరు ఈపాటికి పరీక్షాపత్రములలో ప్రశ్నయై యుండెడిది.

సుభద్ర వసతిగృహము విడిచిన పిదప ఆ గదికి కొల్హాపూరునుండి ఒక బాలిక వచ్చెను. ఆమె మహాదేవి డెస్కు తుడిచి, పుస్తకములు సర్దిపెట్టెడిది. దానివలన మహాదేవికి కవిత్వమునకై మరికొంత తీరిక చిక్కెను. పురుషకవులకు ఇట్టి తీరిక ఇంట అడుగకయే లభించును గనుక దానినెవరును ఋణమనరు. మహాదేవి మాత్రము ఆ డెస్కు తుడిచిన చేతులను మరువక వ్రాసిపెట్టెను.

ప్రతిభ యున్నచో చెలి లేకున్నను అది వెల్లివిరియునని కొందరందురు. కావచ్చును. ప్రసాద్, పంత్, నిరాలాల విషయమున ఈ వాదము ఏల వినబడదు? వారిని ఒకచోట చేర్చి చూచుటకు ‘ఛాయావాదము’ అని పేరే పెట్టిరి. మహాదేవికి ఆ వరుసలో నాలుగవ స్తంభమను గౌరవమొసగి, ఆ వెంటనే ‘ఆధునిక మీరా’ యని బిరుదునిచ్చి ఏకాంతమునకు పంపిరి. వేదనను గానము చేసినది గనుక ఆమెకు తోడు లేదని తీర్మానించిరి. ప్రయాగ మహిళా విద్యాపీఠమును ఏండ్ల తరబడి నడపిన వ్యక్తి, ‘చాంద్’ పత్రికకు సంపాదకత్వము వహించిన వ్యక్తి, 1942లో ‘శృంఖలా కీ కడియాఁ’ అను పేర స్త్రీల బానిసత్వముపై వ్యాసములు ప్రకటించిన వ్యక్తి—ఆమె చుట్టును ఎవరును లేరట!

ఇద్దరి మార్గములు వేరుగదా యను ఆక్షేపణ మరియొకటి. వేరే. 1919లో వివాహితయైన సుభద్ర సత్యాగ్రహమున జైలుకు వెళ్ళెను, సంసారము నడిపెను, ఝాన్సీరాణిపై పల్లెపల్లెకును తెలియు పాట వ్రాసెను. మహాదేవి కవిత అంతర్ముఖము. అందుచేతనే పాఠ్యగ్రంథములు ఒకరిని జాతీయకవిత్వ ప్రకరణమునను, మరియొకరిని ఛాయావాద ప్రకరణమునను కూర్చుండబెట్టి నడుమ గోడ కట్టెను. కాని సుభద్ర తన కుమార్తెను కన్యాదానము చేయ నిరాకరించి, మనిషిని దానమిచ్చుటకు మనిషికి హక్కేదని అడిగిన సంగతిని పదిలపరచినది ఆ గోడకు ఆవలనున్న మహాదేవియే. 1956లో వెలువడిన ‘పథ్ కే సాథీ’ ఆమె కృతజ్ఞతతో వ్రాసిన గ్రంథము. రవీంద్రుడు మొదలుకొని అందు స్మరింపబడిన ఏడుగురిలో స్త్రీ సుభద్ర ఒక్కతెయే. దానిని విమర్శకులు సంస్మరణలను శాఖలో చేర్చి, శైలిని మెచ్చుకొని, లోపలి సాక్ష్యమును విడిచిపెట్టిరి.

1948 ఫిబ్రవరి 15న మోటారు ప్రమాదమున సుభద్ర మరణించెను. మరుసటి సంవత్సరము జబల్పూరు పౌరులు పురపాలక సంఘ ప్రాంగణమున ఆమె విగ్రహము నెలకొల్పగా, దానిని ఆవిష్కరించినది మహాదేవి. సుభద్రను గూర్చిన వ్యాసములలో ఈ సంగతి తరచు చివరి వాక్యముగా కనబడును. మహాదేవిని గూర్చిన పాఠములలో దానికి చోటేది?